ఎగువ మంచు, దిగువ బతుకు

మే నెల మొదట్లో దక్షిణ రష్యాలోని ఆస్త్రఖాన్ నగరం మీద ఆకాశం తేటగా ఉంటుంది. వాన జాడ ఉండదు. ఊరి బయట స్టెప్పీ మైదానంలో ఏప్రిల్‌లో చిగిర్చిన గడ్డి అప్పుడే వాడిపోవడం మొదలెడుతుంది. అలాంటి రోజుల్లో వోల్గా నది పొంగుతుంది. నీరు పాయలు నిండి, గట్లు దాటి, పచ్చికబయళ్లలోకి పాకుతుంది. నిన్న ఆవులు మేసిన చోట ఇవాళ పడవ నడుస్తుంది. ఆ నీళ్లలో చేపలు గుడ్లు పెడతాయి. ఆ వరద వెనకే మోష్కా అనే నల్లటి చిన్న ఈగలు దండెత్తి వస్తాయి. కొన్ని వారాల పాటు జనం ముఖానికి వల కట్టుకోనిదే పొలానికి పోలేరు.

ఈ నీళ్లు ఇక్కడ కురిసినవి కావు. ఉత్తరాన, రెండు మూడు వేల కిలోమీటర్ల ఎగువన, అడవుల్లో చలికాలమంతా పేరుకున్న మంచు ఇప్పుడు కరిగి వచ్చింది. ఆస్త్రఖాన్ ప్రాంతపు భూగోళం తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. తనమీద పడే వానతో ఒక్క పంటైనా పండించుకోలేని నేల ఇది. దీనికి ఉన్నదంతా నది తెచ్చి ఇచ్చిందే. ఎప్పుడు ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో తేల్చేది ఎగువ. ఇచ్చింది ఎంత దూరం పారాలో తేల్చేది దిగువనున్న సముద్రం.

వోల్గా పొడవు 3,530 కిలోమీటర్లు. ఐరోపాలో ఇంతకంటే పొడవైన నది లేదు. త్వేర్ ప్రాంతంలో, వల్దాయ్ మిట్టల మీద, వోల్గోవెర్ఖోవ్యె అనే పల్లె దగ్గర ఒక ఊటగా పుడుతుంది. ఆ చోటు మహాసముద్ర మట్టానికి 228 మీటర్ల ఎత్తున ఉంది. ఇంత పొడవునా నది దిగేది రెండున్నర వందల మీటర్లే. అందుకే దాని నడక అంత నిదానం. దారిలో ఓకా, కామా వంటి పెద్ద ఉపనదులు కలుస్తాయి. 13.6 లక్షల చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం నుంచి ఏటా దాదాపు 250 ఘన కిలోమీటర్ల నీరు కాస్పియన్ సముద్రానికి చేరుతుంది. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే 8,800 టీఎంసీలు. ఇందులో సుమారు 60 శాతం మంచు కరగ్గా వచ్చినదే. నేల నుంచి ఊరే నీరు ఆ తర్వాతి వాటా. వాన వాటా అన్నిటికంటే తక్కువ.

వోల్గోగ్రాద్ దగ్గర నది మలుపు తిరుగుతుంది. అంతవరకు నైరుతి వైపు వచ్చినది ఆగ్నేయానికి మళ్లుతుంది. ఆ నగరానికి కొంచెం పైనే అఖ్తూబా అనే పాయ ఎడమ వైపు చీలుతుంది. అక్కడి నుంచి డెల్టా దాకా, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా, ఆ రెండూ పక్కపక్కనే పారతాయి. నడుమ ఇరవై ముప్ఫై కిలోమీటర్ల వెడల్పున పచ్చటి పట్టీ. ఆ పట్టీలో ఓక్ చెట్లు, విల్లో చెట్లు, చెరువులు, పచ్చిక. పట్టీ దాటి నాలుగడుగులు వేస్తే మాచిపత్రి జాతి మొక్కలు మొలిచిన బూడిదరంగు నేల. తూర్పుకు ఇంకా పోతే కజఖ్‌స్తాన్ సరిహద్దున రిన్ ఇసుకలు, ఒంటెలు. ఇంత దూరంలో చెప్పుకోదగ్గ ఉపనది ఒక్కటీ వోల్గాలో కలవదు. కలవడానికి చుట్టుపక్కల నీరుంటే కదా.

ఈ కరువుకు కారణం గాలిలో ఉంది. ఆస్త్రఖాన్ 46వ అక్షాంశం మీద ఉంది, ఇంచుమించు ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంతో సమానంగా. లియోన్‌కు అట్లాంటిక్ తేమ అందుతుంది. అదే గాలి ఖండమంతా దాటి ఇక్కడికి చేరేసరికి తేమంతా దారిలోనే దింపేసి వట్టిచేతులతో వస్తుంది. ఆస్త్రఖాన్‌లో ఏడాదికి పడేది 220 మిల్లీమీటర్ల వాన, మంచు అన్నీ కలిపి. ఆంధ్రదేశంలో కరువుకు మారుపేరైన అనంతపురంలో సుమారు 550 పడుతుంది. అందులో సగమైనా ఇక్కడ లేదు. మరోపక్క ఎండ, గాలి కలిసి ఏడాదిలో ఆవిరి చేయగల నీరు దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు. అంటే ఆకాశం రూపాయి ఇచ్చి నాలుగు రూపాయలు అడుగుతుంది. ఆ తేడా పూడ్చేది వోల్గాయే.

చలికి, ఎండకు కూడా ఇక్కడ అడ్డుకట్ట లేదు. ఉత్తరాన ఆర్కిటిక్ దాకా, తూర్పున మధ్య ఆసియా దాకా ఎదురు నిలిచే కొండ లేదు. జనవరి సగటు సున్నాకు నాలుగు డిగ్రీల దిగువ. సైబీరియా మీది బరువైన చలిగాలి ఇటు విస్తరించిన రోజుల్లో చలి మైనస్ ఇరవై దాటిపోతుంది. రికార్డయిన కనిష్ఠం మైనస్ 34. జూలై సగటు 26 డిగ్రీలు, గరిష్ఠం 41. ఒకే ఊరికి ఏడాదిలో ఇంత తేడా. డిసెంబరులో నది గడ్డకడుతుంది, మార్చిలో విడుస్తుంది. వేసవిలో ఆగ్నేయం నుంచి సుఖొవేయ్ అనే గాలి వీస్తుంది. ‘పొడిగాలి’ అని ఆ మాటకు అర్థం. మన వడగాలికి అది దగ్గర చుట్టమే. మనిషి కంటే మొక్కకు అది ఎక్కువ ప్రమాదం. వేర్లు లాగే నీటి కంటే ఆకులు పోగొట్టుకునే నీరు ఎక్కువైపోతుంది. నేలలో తడి ఉండగానే గోధుమ గింజ పాలు ఇంకి తాలుగా మారుతుంది.

ఇంత కఠినమైన వాతావరణాన్ని ఇష్టపడే పంట ఒకటుంది, పుచ్చకాయ. ఎడతెగని ఎండ, ఇసుక కలిసిన నేల, కాలువ నీరు మూడూ దొరికితే అది చక్కెర పట్టినంతగా మరేదీ పట్టదు. రష్యాలో ఎక్కడైనా వేసవి చివర బజారులో పుచ్చకాయ కొనేవారు ముందు అడిగేది ఆస్త్రఖాన్‌దేనా అనే.

ఈ ఎండిన, చదునైన, జనం పలచగా ఉన్న నేల వల్లనే భారతదేశానికి కూడా ఒక జ్ఞాపకం మిగిలింది. ఈ ప్రాంతపు వాయవ్య మూల, అఖ్తూబా దగ్గర, కపూస్తిన్ యార్ ఉంది. సోవియట్ యూనియన్ తొలి బాలిస్టిక్ క్షిపణిని 1947లో పరీక్షించింది అక్కడే. మన తొలి ఉపగ్రహం ఆర్యభట 1975 ఏప్రిల్ 19న నింగికి ఎగసింది కూడా ఆ స్టెప్పీ నుంచే. మన బడి పుస్తకాలు రష్యా నుంచి ప్రయోగించారని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాయి. రష్యాలో ఎక్కడ, ఆ చోటే ఎందుకు అని పిల్లలకు చెబితే భూగోళం వారికి ఇంకాస్త దగ్గరవుతుందని నా నమ్మకం.

ఇక కాళ్ల కింది నేల సంగతి. ఆస్త్రఖాన్ ప్రాంతంలో ఎక్కువ భాగం మహాసముద్ర మట్టానికి దిగువన ఉంది. నగరమే ఇరవై మీటర్లకు పైగా దిగువన ఉంది. కాస్పియన్‌కు మహాసముద్రంతో సంబంధం లేదు. దానిలోకి నదులు వస్తాయి, దాని నుంచి ఏదీ బయటికి పోదు. పోయే దారి ఆవిరి ఒక్కటే. అందుకే దాని మట్టం స్థిరంగా ఉండదు. చివరి మంచుయుగపు కాలంలో అది ఇప్పటి కంటే డెబ్బై మీటర్లకు పైగా ఎత్తున నిలిచి, ఈ మైదానమంతటినీ ముంచి, వోల్గా లోయ వెంట ఎంతో దూరం ఉత్తరానికి పోయింది. భూవిజ్ఞానులు దాన్ని ఖ్వాలిన్ సముద్రం అంటారు. అది వెనక్కి తగ్గినప్పుడు చాక్లెట్ రంగు బంకమట్టి, గుల్లలు, ఉప్పు మిగిలాయి. ఈ నేల పైకి చూస్తే స్టెప్పీ. తవ్వితే సముద్రపు అడుగు. కాలువ నీరు అతిగా పెడితే కిందున్న ఉప్పు పైకి వచ్చి చేనును తెల్లబరుస్తుంది.

ఉప్పులో ఇంకా పాతదీ ఉంది. బస్కుంచక్ సరస్సు అడుగున, 25 కోట్ల ఏళ్లకు పైబడిన పెర్మియన్ యుగపు ఉప్పు కిలోమీటర్ల మందాన ఉంది. పైనున్న రాతి బరువుకు ఉప్పు జిగటముద్దలా కదులుతుంది, బలహీనమైన చోట పైకి ఉబుకుతుంది. అలా ఉబికిన ఉప్పు భుజాన ఎత్తుకున్నదే పక్కనున్న బొగ్దో కొండ. ఎత్తు నూట యాభై మీటర్లే. చుట్టూ పళ్లెంలాంటి చదును కావడంతో అది మహాపర్వతంలా కనబడుతుంది. కల్మిక్ బౌద్ధులకు అది పుణ్యస్థలం. ఏప్రిల్ చివర దాని చుట్టూ అడవి తులిప్ పూలు విరబూస్తాయి. రెండు మూడు వారాల్లో మళ్లీ ఏమీ ఉండదు. ఆ మొక్క ఏడాదంతా దుంపలో దాగి ఆ కాసింత తడి కోసమే కాచుకుంటుంది.

డెల్టాలోకి వచ్చేసరికి ఇంకో వింత. నగరం చుట్టూ, ముఖ్యంగా పడమట, తూర్పు పడమరలుగా సాగిన పొడుగాటి దిబ్బలు వందలకొద్దీ కనిపిస్తాయి. ఎవరో నాగలితో సాళ్లు తీసినట్టు ఒకదాని పక్కన ఒకటి. ఎత్తు ఏడెనిమిది మీటర్ల నుంచి ఇరవై దాకా, పొడవు కొన్ని కిలోమీటర్లు. వీటిని బేర్ దిబ్బలంటారు. కార్ల్ ఎర్న్‌స్ట్ ఫోన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడి పేరు అది. క్షీరదాల అండాన్ని 1827లో తొలిసారి కనుగొన్నది ఆయనే. అంతటి జీవశాస్త్రవేత్త అరవై దాటాక 1853 నుంచి 1857 వరకు కాస్పియన్ తీరాన చేపల పరిశ్రమను పరిశీలిస్తూ తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ దిబ్బల్ని చూశాడు, వర్ణించాడు. అవి ఎలా ఏర్పడ్డాయన్న వాదన నేటికీ తెగలేదు. వెనక్కి తగ్గుతున్న సముద్రపు నీరు కోసిందని కొందరు, గాలి పేర్చిందని కొందరు. ఊళ్లకు మాత్రం ఆ వాదనతో పని లేదు. వరద రాని ఎత్తు కనుక పల్లెలు దిబ్బల మీద వెలిశాయి, శ్మశానాలూ వాటి మీదనే. దిబ్బల నడుమ పల్లంలో నిలిచిన చెరువుల్ని ఇల్మెన్లు అంటారు.

బేర్ ఇంకో సంగతి కూడా గమనించాడు. వోల్గా కుడి గట్టు ఎత్తుగా, నిటారుగా ఉంటుంది. ఎడమ గట్టు పల్లంగా పచ్చికతో ఉంటుంది. రష్యన్లు ఒకదాన్ని కొండ ఒడ్డు అనీ, మరోదాన్ని పచ్చిక ఒడ్డు అనీ పిలుచుకుంటారు. భూమి తిరుగుడు వల్ల ఉత్తరార్ధగోళంలో పారే నీరు కుడివైపు ఒరుసుకుంటుందని బేర్ వివరించాడు. నదులు వంకర్లు ఎందుకు తిరుగుతాయో చెబుతూ 1926లో ఐన్‌స్టీన్ రాసిన చిన్న వ్యాసంలో ఈ బేర్ సూత్రం ప్రస్తావన ఉంది.

నగరానికి ఎగువన నలభై ఆరు కిలోమీటర్ల దూరంలో బుజాన్ పాయ చీలే చోట డెల్టా మొదలవుతుంది. చీలిన పాయ మళ్లీ చీలి, అది ఇంకా చీలి, సముద్రం చేరేసరికి కొన్ని వందలవుతాయి. ఐరోపాలో ఇంత పెద్ద డెల్టా మరొకటి లేదు. ఇక్కడివాళ్ల నోట ప్రతి రకం నీటికీ ఒక పేరుంది. సన్నటి పాయ యెరిక్. వరదలో మునిగే పచ్చిక పొలోయ్. పాయలు సముద్రంలో కలిసే చోట రెల్లు చుట్టుకున్న లోతులేని అఖాతం కుల్తూక్. అక్కడి నుంచి ముందుకు కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్న మోకాల్లోతు నీళ్లు రస్కాత్. దీన్ని నది అనాలో, సముద్రం అనాలో తేలదు. ఉప్పదనం ఉండదు, ఒడ్డు కనబడదు. ఉత్తర కాస్పియన్ సగటు లోతే అయిదు మీటర్ల చిల్లర. దక్షిణం నుంచి మోర్యానా గాలి బలంగా వీస్తే సముద్రం ఎదురెక్కి రెల్లుతోటల్ని ముంచుతుంది. ఎదురు గాలి వీస్తే నీరు వెనక్కి పోయి పడవలు బురదలో కూర్చుంటాయి. ఆటుపోట్లు లేని ఈ సముద్రానికి గాలే ఆటు, గాలే పోటు.

ఈ మెరకల వల్లే ఒక వర్తకుడి బతుకు దారి మారింది. త్వేర్ నగరానికి చెందిన అఫనాసీ నికితిన్ 1468 ప్రాంతంలో వోల్గా వెంట దిగివచ్చాడు. ఆస్త్రఖాన్ దగ్గర తాతార్లు వెంటబడ్డారు. సరుకున్న చిన్న ఓడ చేపలు పట్టేందుకు నదికి అడ్డంగా కట్టిన దడికి తగులుకుంది. పెద్ద ఓడ నదీముఖంలో మెరకపట్టింది. రెండూ దోపిడీ అయ్యాయి. అప్పులు మిగిలి, వెనక్కి పోలేక, అతడు ముందుకే నడిచాడు. పారశీకం మీదుగా బీదర్ చేరాడు. అక్కడి నుంచి శివరాత్రి యాత్రికులతో కలిసి తాను ‘పర్వత్’ అని రాసుకున్న క్షేత్రానికి వెళ్లాడు. అది మన శ్రీశైలమేనని పండితులు గుర్తించారు. రస్కాత్ మెరకల్లో చిక్కిన ఓడ ఒక రష్యన్‌ను కృష్ణ ఒడ్డున మల్లన్న సన్నిధికి చేర్చింది. భూగోళం చేసే ఇలాంటి పనులు నన్ను ఎప్పుడూ కదిలిస్తాయి.

మళ్లీ వరద దగ్గరికి వద్దాం. డెల్టా ప్రాణమంతా అందులోనే ఉంది. నీరు పొలోయ్‌ల మీద పల్చగా పరుచుకుంటే ఎండకు త్వరగా వేడెక్కుతుంది. మునిగిన గడ్డి కుళ్లి సూక్ష్మజీవులు పుడతాయి. చేపపిల్లకు అంతకు మించిన ఊయల లేదు. వోబ్లా అనే చేప, కార్ప్ జాతులు అక్కడే గుడ్లు పెడతాయి. ఉప్పుపట్టి ఎండబెట్టిన వోబ్లా రష్యాలో ఇంటింటికీ తెలిసిన ఎండుచేప. గుడ్లు చిట్లి, పిల్లలు కాస్త ఎదిగి, నీరు తగ్గేలోగా పాయల్లోకి దిగిపోవాలి. అంటే వరదకు మూడు గుణాలు కావాలి. తగిన వెచ్చదనం వచ్చే వేళకు రావాలి. కొన్ని వారాలు నిలవాలి. మెల్లగా తియ్యాలి. హఠాత్తుగా తీస్తే కోట్ల చేపపిల్లలు గుంటల్లో చిక్కి ఎండిపోతాయి.

ఒకప్పుడు ఈ మూడూ మంచు కరిగే తీరును బట్టి జరిగేవి. ఇప్పుడు ఆనకట్ట తలుపులను బట్టి జరుగుతాయి. వోల్గా మీద ఎనిమిది జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. అన్నిటికంటే దిగువనున్న వోల్గోగ్రాద్ కేంద్రం నిర్మాణం 1961లో ముగిసింది. దాని తర్వాత నదికి అడ్డు లేదు. విద్యుత్తు ఎక్కువగా కావలసింది చలికాలంలో. అందుకని వసంతంలో వదలవలసిన నీటిలో కొంత శీతాకాలంలోనే టర్బైన్ల గుండా వెళ్లిపోతుంది. వసంత వరద ఎత్తూ తగ్గింది, నిలిచే రోజులూ తగ్గాయి. చేపల కోసం, పచ్చిక కోసం ఏటా ఏప్రిల్, మే నెలల్లో ప్రత్యేకంగా నీరు వదులుతారు. మంచి సంవత్సరమైతే సెకనుకు 25 వేల ఘనమీటర్లు, అంటే సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కులు. ఎగువ మంచు తక్కువైన ఏడు ఆ మొత్తమూ ఉండదు, అన్ని రోజులూ ఉండదు. కృష్ణా డెల్టా రైతు శ్రీశైలం నీటిమట్టం అంకెల్ని చూసినంత ఆత్రంగా ఇక్కడి జాలరి వోల్గోగ్రాద్ విడుదల అంకెల్ని చూస్తాడు.

ఎదురీదే చేపలకు జరిగిన నష్టం ఇంకా పెద్దది. స్టర్జన్ జాతులు సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తాయి. వాటిలో పెద్దది బెలుగా. టన్ను బరువు దాటేది, వందేళ్లు బతకగలది. లోకమంతా ఎగబడే నల్ల కేవియర్ వీటి గుడ్లే. రాళ్లున్న నదీగర్భం కోసం అవి ఎగువకు వందల కిలోమీటర్లు పోయేవి. వోల్గోగ్రాద్ ఆనకట్ట ఆ దారి మూసింది. బెలుగా గుడ్లు పెట్టే చోట్లలో చాలా భాగం దానికి పైనే ఉన్నాయి. పులస మీద మమకారం ఉన్న మనకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. పైగా వోల్గాలో పులసకు వరసైన చేపే ఒకటి ఎదురీదుతుంది. దాని జాతి షాడ్ జాతి, పులసదీ అదే కుటుంబం. అది నీటిపైకి తేలి సుడులు తిరుగుతుంటే పిచ్చిపట్టిందని, తింటే మనకూ పడుతుందని జనం భయపడేవారు. ‘బేషెంకా’, అంటే పిచ్చిది, అని పేరు పెట్టి, నూనె కోసం కరగబెట్టేవారు. అది చక్కగా తినదగిన చేపేనని, ఉప్పు వేసి నిల్వ చేయమని చెప్పింది బేరే. లక్షల మందికి చవక ఆహారం దొరికింది. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

ఇక సముద్రం. కాస్పియన్‌కు వచ్చే నదీజలాల్లో దాదాపు 80 శాతం వోల్గావే. ఉత్తరాది అడవుల్లో కొన్నేళ్లు మంచు తగ్గితే ఇక్కడ సముద్రమే దిగుతుంది. 1929లో దాని మట్టం మహాసముద్రానికి 26 మీటర్ల దిగువన ఉండేది. 1977కి 29కి పడిపోయింది. సముద్రం ఎండిపోతుందేమోనని భయపడి, తూర్పు తీరాన నీటిని ఆవిరి చేసే కారా-బొగజ్-గోల్ అఖాతానికి 1980లో గట్టు కట్టారు. అప్పటికే, 1978 నుంచే, సముద్రం తనంతట తానే పెరగడం మొదలుపెట్టింది. అఖాతం నాలుగేళ్లలో ఎండి ఉప్పుగాలి లేచింది. 1992లో గట్టు తీసేశారు. 1995 వరకు సముద్రం రెండు మీటర్లకు పైగా పెరిగి తీరపు ఊళ్లను ముంచింది. తర్వాత మళ్లీ దిగుతోంది. ఈ దశాబ్దంలో 1977 నాటి మట్టాన్ని కూడా దాటి కిందికి పోయింది. ఈసారి కారణాల్లో ప్రధానమైనది వేడి. గాలి వేడెక్కినకొద్దీ సముద్రం మీద ఆవిరి పెరుగుతోంది. ఈ శతాబ్దం చివరికి 9 నుంచి 18 మీటర్లు తగ్గవచ్చని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో కనిష్ఠ అంకె నిజమైనా, అయిదు మీటర్ల లోతున్న ఉత్తర కాస్పియన్‌లో చాలా భాగం నేలగా మారుతుంది. చలికాలంలో అక్కడ గడ్డకట్టే మంచు మీద పిల్లల్ని కనే కాస్పియన్ సీల్ ఎక్కడికి పోవాలి? ఆస్త్రఖాన్ నుంచి సముద్రానికి ఓడలు పోయే 188 కిలోమీటర్ల కాలువను ఇప్పటికే పదే పదే తవ్వి లోతు చేయవలసి వస్తోంది.

సముద్రం దిగితే అందరూ నష్టపోరు. డెల్టా కొసన తామర పూస్తుంది, మన చెరువుల్లోని తామర జాతే. మైనస్ ముప్ఫై చలిలో ఎలా బతుకుతుందంటే, దాని దుంప గడ్డకట్టిన నీటికి అడుగున బురదలో వెచ్చగా పడుకుంటుంది. ఇది ఇక్కడికి ఎలా వచ్చిందో తేలలేదు. కల్మిక్‌లు తెచ్చారంటారు, పక్షులు తెచ్చాయంటారు, ఎప్పటి నుంచో ఇక్కడే ఉందనీ అంటారు. స్థానికులు కాస్పియన్ గులాబీ అని పిలుస్తారు. 1919లో, అంతర్యుద్ధం మధ్యలో, పొద్యపోల్స్కీ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు మాస్కో వెళ్లి లెనిన్‌ను కలిసి ఈ డెల్టాను కాపాడాలని కోరాడు. ఆ ఏడాదే ఆస్త్రఖాన్ అభయారణ్యం ఏర్పడింది. అప్పటికి దాని దామ్చిక్ విభాగంలో మిగిలిన తామర పావు హెక్టారు మాత్రమే. కాపలా ఒక సాయం చేసింది, దిగుతున్న సముద్రం ఇంకో సాయం చేసింది. మట్టం తగ్గి రస్కాత్ మెరకైన చోటల్లా తామర పాకి వేల హెక్టార్లకు విస్తరించింది. జూలై మధ్య నుంచి సెప్టెంబరు దాకా, ఆకుల మధ్య పెలికాన్లు తిరుగుతుంటే, పడవల నిండా జనం ఆ పూలు చూడటానికి పోతారు.

తామరకు కావలసింది మనిషి నడుము దాటని నీరు. నీరు అంతకంటే తగ్గి వరద ఆనని చోటికి ముందు రెల్లు వస్తుంది, ఆ వెనక విల్లో చెట్లు. అప్పుడు తామర దక్షిణానికి, నీరున్న వైపుకు జరుగుతుంది. పాత పటాల్లో పడవదారులని గీసిన గీతల మీద ఇప్పుడు విల్లో తోపులు ఉన్నాయి. మేలో ఎగువ నుంచి నీరు వచ్చిన రోజుల్లో మాత్రం ఆ చెట్ల మొదళ్లు మళ్లీ మునుగుతాయి, వాటి మధ్య వోబ్లా గుడ్లు పెడుతుంది.